సున్నాగారు నమ్మిన అంకె

ఒక మంగళవారం ఉదయం పెద్దాసుపత్రి వెనక వరండాలో పదకొండుమంది మనుషులు తలా మూడు కిలోలు తగ్గిపోయారు. తొమ్మిదిన్నరకి ఉన్న బరువు పదింటికి లేదు. మధ్యలో ఎవరికీ జ్వరం రాలేదు, ఎవరూ పస్తు పడుకోలేదు. బరువు చూసే మిషను వెనక ఉన్న చిన్న మరను ఒకాయన ఒకటింపావు చుట్టు తిప్పాడు. జరిగింది అంతే.

ఆయన ఆ వరండాకి రావటం అదే మొదటిసారి. ఆకుపచ్చ అట్ట పుస్తకం ఒకటి చేతికిచ్చి, నర్సమ్మ ఆయన్ని మిషను ఎక్కమంది. లోకంలో అందరూ మిషను ఎక్కాక ముల్లు చూస్తారు. ఈయన ఎక్కకముందు చూశాడు. మిషను మీద ఈగ కూడా వాలలేదు, ముల్లు మాత్రం మూడు దగ్గర నిలబడి ఉంది. "అమ్మా, ఇది సున్నా చూపించట్లేదు" అన్నాడు. నీ వెనక ఎంతమంది ఉన్నారో చూశావా, ముందు ఎక్కవయ్యా అంది నర్సమ్మ. ఆయన ఎక్కలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, పసిబిడ్డని బోర్లా పడుకోబెట్టినట్టు మిషన్ని తిరగేసి, చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఉన్న స్క్రూడ్రైవరు తీసి, పని కానిచ్చి లేచాడు.

అనుమానం తీర్చుకోవటానికి నర్సమ్మ అప్పటికే తూగిన పదకొండుమందినీ మళ్ళీ ఎక్కించింది. రభస అక్కడ మొదలైంది. వాళ్ళు నెలనెలా ఆ అంకె కోసమే వచ్చేవాళ్ళు. లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడని జబ్బు అది. కంటికి కనపడే సాక్ష్యం ఆ ముల్లు ఒక్కటే. పాలు పోసే ఆవిడ ఒకావిడ ఆయన దారికి అడ్డంగా నిలబడి, "రెండేళ్ళు బలవంతంగా తిని తిని నలభై తొమ్మిదికి వచ్చాను. ఇప్పుడు ఇంటికెళ్ళి నలభై ఆరని ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు? నా మూడు కిలోలు ఎవరిస్తారు?" అని నిలదీసింది. వరండా అంతా ఆయన జేబు వంక చూసింది, ఆ ముప్ఫై మూడు కిలోలూ అందులోనే దాచాడేమో అన్నట్టు.

గొడవ విని డాక్టరమ్మ బయటికి వచ్చింది. సంగతి విని, మిషను అందరికీ ఒకే తప్పు చెప్పింది, ప్రతినెలా అదే తప్పు చెప్పింది, కాబట్టి పెరిగినవాళ్ళు పెరిగినట్టే, తగ్గినవాళ్ళు తగ్గినట్టే అని నచ్చజెప్పింది. అందరి పుస్తకాల్లోనూ మూడేసి కొట్టేయించింది. ఎవరి మొహమూ తేటపడలేదు. ఆయన ఒక్కడే ఔనౌనని తలాడించాడు, అది తన వృత్తిలో మాట కాబట్టి. తర్వాత బుద్ధిగా మిషను ఎక్కాడు. యాభై ఎనిమిది.

ఆయన వృత్తి కాటాలు బాగుచేయటం. బజారు చివర మేడమెట్ల కింద, మనిషి నిటారుగా నిలబడితే తల తగిలే గది ఆయన దుకాణం. గోడలకి జతలు తప్పిన తక్కెడ పళ్ళేలు, మేకులకి తీగ స్ప్రింగులు, మూలన బస్తాలు తూచే కాటా ఒకటి ఎప్పుడూ పొట్ట విప్పుకుని ఉండేది. బల్ల మీద గాజు పెట్టెలో, నీలం ముఖమల్ గుంటల్లో, పెసరగింజంత వాటి నుంచి పిడికిలంత వాటి దాకా ఇత్తడి తూకపురాళ్ళు. వాటిని ఆయన చేత్తో ముట్టుకునేవాడు కాదు. వేలి చెమట కూడా బరువేనని పట్టకారతో తీసేవాడు. కూరగాయల వాళ్ళు, పచారీ వాళ్ళు, పాత ఇనుము కొనేవాళ్ళు, బంగారం పనివాళ్ళు అందరూ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. వచ్చినవాడు నోరు తెరిచేలోపే "సున్నా చూశావా?" అనేవాడు. పాతికేళ్ళు అదే మాట అనీ అనీ ఆ మాటే పేరైపోయింది. చిన్నా పెద్దా అందరికీ సున్నాగారు. ఒకసారి ఎవరో పెళ్ళి శుభలేఖ మీద కూడా శ్రీ సున్నాగారికి అని రాసిచ్చారు. ఆయన భార్య ఆ శుభలేఖని చాలాకాలం దాచింది, కోపం వచ్చినప్పుడు చూపించటానికి.

ఆయన మాటల్లో ఇంకొన్ని ఆ బజారులో అందరికీ నోటికి వచ్చు. ఒక సరుకుని ఒక కాటా మీదే తూచమనేవాడు. కాటా మారిస్తే తూకం కాదు, బేరం అవుతుందనేవాడు. స్ప్రింగు ముసలిదైతే తక్కువ చూపిస్తుందని అందరూ అనుకుంటారు గానీ నిజానికి ఎక్కువ చూపిస్తుందనీ, అలసిపోయినది తేలిగ్గా సాగిపోతుందనీ విడమరిచేవాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, ముల్లు మనకి నచ్చిన అంకె మీద ఆగితే ముందు దాన్నే అనుమానించమనేవాడు. నచ్చని అంకెని ఎలాగూ ఎవరూ వదిలిపెట్టరు, పది సార్లు చూస్తారు. నచ్చినదాన్ని ఒక్కసారి చూసి జేబులో వేసుకుంటారు. మోసం అంతా అక్కడే ఉందనేవాడు.

అలాంటి మనిషికి ఒకనాడు నడుముకి ఒక పక్కన బెల్టులాగా పొక్కులు లేచాయి. మంటకి చొక్కా వేసుకోలేక పోయాడు. ఆకు పసరు రాశారు, పొడి చల్లారు. చివరికి డాక్టరు పొక్కుల్ని చూసి రక్తం పరీక్షకి రాశాడు. హెచ్‌ఐవీ అని తేలింది. యాభై రెండేళ్ళ వయసులో.

భార్యతో చెప్పిన రోజు ఆవిడ ఆయన చొక్కాకే గుండీ కుడుతోంది. చెప్పటం అయ్యాక ఆవిడ సూది ఆపలేదు. "నాకూ చూపించాలా?" అని మాత్రం అడిగింది. మర్నాడు చూపించారు. ఆవిడకి లేదు. ఆ మాట వినగానే ఆయన వదిలిన నిట్టూర్పు పక్క గదిలోకి కూడా వినపడి ఉంటుంది. ఎక్కడి నుంచి వచ్చిందని ఆవిడ అడగలేదు. ఎప్పుడో వారం తర్వాత, దారం పంటితో తెంపుతూ, "లారీల కాటాలు బాగుచేయటానికి నెలనెలా ఊళ్ళు తిరిగేవారు కదా అప్పట్లో" అంది. ఆయన ఊఁ అన్నాడు. ఆ ఇంట్లో ఆ విషయం మీద జరిగిన సంభాషణ అదొక్కటే. మనమూ అంతకన్నా తవ్వొద్దు.

అలా వచ్చాడు ఆయన వెనక వరండాకి. బరువు గొడవ సద్దుమణిగాక రక్తం తీసే గదిలోకి పంపారు. అక్కడ రక్తంలో కణాలు లెక్కపెట్టే ఆవిడని అందరూ లెక్కలక్క అనేవారు. నలభై ఏళ్ళ మనిషి, మాట కరుకు, చెయ్యి మెత్తన. ఊదారంగు మూత ఉన్న గొట్టంలోకి ఆమె రక్తం తీస్తుంటే ఆయన తల తిప్పి బల్ల మీద మిషను చూశాడు.

"దీనికి సున్నా చూశారామ్మా?"

ఇంకెవరైనా అయితే ఆమె బయటికి పంపేసేది. వరండాలో రభస ఆమె కూడా చూసింది కాబట్టి నవ్వి, పొద్దున్నే ఖాళీ నీళ్ళతో సున్నా చూస్తామనీ, తర్వాత లెక్క ముందే తెలిసిన గొట్టం ఒకటి పెట్టి, అది సరిగ్గా వస్తేనే మనుషుల గొట్టాలు పెడతామనీ చెప్పింది. ఆయన మొహం విప్పారింది. గాజు పెట్టెలో తన ఇత్తడి రాళ్ళ లాంటివే ఇక్కడా ఉన్నాయన్నమాట.

ఏం లెక్కపెడతారో కూడా ఆమే చెప్పింది. రక్తంలో కాపలా కణాలు ఉంటాయి, ఈ జబ్బు ముందు వాటినే తింటుంది, వాటి లెక్కనే సీడీ ఫోర్ అంటారు. గుండుసూది తలకాయంత రక్తంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి అయిదొందల నుంచి వెయ్యి దాటి ఉంటాయి. లెక్క తగ్గేకొద్దీ ఏ జబ్బు ఎప్పుడు లోపలికి వస్తుందో చాలావరకు చెప్పొచ్చు. రెండు వందల కిందికి పడితే తలుపులు తీసి పెట్టినట్టే. ఇప్పుడైతే జబ్బు ఉందని తెలిసిన రోజు నుంచే, లెక్కతో పని లేకుండా, మందులు మొదలుపెడతారు. అప్పట్లో రూలు వేరు. రెండు వందల యాభై లోపు ఉంటేనే మందు. పైన ఉంటే ఇంటికెళ్ళి ఆర్నెల్ల తర్వాత రమ్మనేవారు.

ఆయన లెక్క రెండు వందల పన్నెండు వచ్చింది.

మందులు మొదలుపెట్టాలి, ఆలస్యం చేయకూడదు అంది డాక్టరమ్మ. మొదలుపెడితే జీవితాంతం ఆపకూడదంది. మొదటి నెల రెండు నెలలు కొందరికి తల తిరుగుతుందనీ, చేతులు వణికినట్టు ఉంటుందనీ, తర్వాత సర్దుకుంటుందనీ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నెలకోసారి ఈ వరండా కిటికీ దగ్గర నిలబడి మందులు తీసుకోవాలి. ఆ కిటికీ సరిగ్గా బజారు వెనక గేటుకి ఎదురుగా ఉంది. ఆయన కిటికీని చూశాడు, గేటుని చూశాడు. గేటులోంచి వంకాయల బుట్టతో ఒకడు వస్తూ, "సున్నాగారూ, ఇక్కడేం చేస్తున్నారు?" అని పలకరించాడు. ఆయన మిషను బాగుచేయటానికి వచ్చానన్నాడు. అబద్ధమూ కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మరుసటి నెల నుంచీ ముద్రల సీజను. ఏడాదికోసారి బజారులో ఉన్న ప్రతి కాటానూ సరిచేసి, అధికారి చేత ముద్ర వేయించాలి. ఏడాది మొత్తంలో ఆయన బతుకు ఆ అయిదారు నెలల్లోనే ఉంది. తల తిరిగే మనిషి పెసరగింజంత రాయిని పట్టకారతో పట్టుకోలేడు. చెయ్యి వణికేవాడి చేత బంగారం కాటా ఎవరు ముట్టిస్తారు?

ఈ సంగతి ఇంట్లో నలుగుతుండగా బావమరిది వచ్చాడు. భార్య తమ్ముడు, ఒక అయిదంతస్తుల మేడలో లిఫ్టు నడిపేవాడు. మనిషి మంచివాడు, నోరు ఆగదు. "అదేంటి బావా, ఒక్క మిషను మాట పట్టుకుని బతుకంతా మందులు మింగుతావా? ఊళ్ళో వాళ్ళ పావుకిలో ఉల్లిపాయలకి రెండు సార్లు తూచమంటావు, నీ ఒంటికి ఒక్కసారి చాలా? మా మేడ మీద నాలుగో అంతస్తులో కొత్త ల్యాబు పెట్టారు. ఏసీ. మిషను చూస్తే కళ్ళు తిరుగుతాయి" అన్నాడు. రెండోసారి తూచాల్సింది అదే కాటా మీద గానీ ఇంకోదాని మీద కాదని సున్నాగారికి తెలియని విషయం కాదు. అయినా సరే పద అన్నాడు.

ఆ సాయంత్రం ఆరింటికి వెళ్ళారు. లిఫ్టు చెడిపోయింది. పనిచేయని లిఫ్టు ముందు బావమరిది స్టూలు, స్టూలు మీద అతని టోపీ బుద్ధిగా డ్యూటీ చేస్తున్నాయి. ఇద్దరూ మెట్లెక్కారు. చీకటి పడితే ల్యాబు మూసేస్తారని బావమరిది తొందరపెడితే, చివరి రెండు అంతస్తులు దాదాపు పరుగే. రొప్పుతూ వెళ్ళి కుర్చీలో పడగానే చెయ్యి చాపించి రక్తం తీసేశారు.

మూడు వందల నలభై వచ్చింది.

రిపోర్టు చేతిలో పడ్డాక సున్నాగారు మెట్లు దిగుతూ ఈల వేశాడట. బావమరిది తర్వాత చాలామందికి చెప్పాడు, బావ ఈల వేయటం తన జన్మలో అదే వినటమని. రూలు ప్రకారం మూడు వందల నలభైకి మందు అక్కర్లేదు, ఆర్నెల్లు ఆగొచ్చు, సీజను గడిచిపోతుంది. ఆయన ఇంటికి పోతూ దారిలో జిరాక్సు షాపులో ఆగి ఆ కాగితానికి లామినేషన్ చేయించాడు. కాటాల ముద్ర పత్రాలకి లామినేషన్ చేయించే అలవాటే అది. రెండు వందల పన్నెండు కాగితాన్ని మాత్రం నాలుగు మడతలు పెట్టి, గాజు పెట్టెలో నీలం ముఖమల్ కింద దూర్చాడు. డాక్టరమ్మ రమ్మన్న మంగళవారం నాడు ఆయన కూరగాయల వరసలో ఉన్నాడు.

భార్యకి మూడు వందల నలభైని చూపించాడు. ఆవిడ ఆ రాత్రి చాన్నాళ్ళ తర్వాత రేడియో పెట్టింది.

మూడు మంగళవారాలు చూసి, నాలుగో వారం లెక్కలక్క బజారుకి వచ్చింది. ఆసుపత్రి మనిషి ఊరికే వచ్చి పలకరిస్తే నలుగురూ ఏమనుకుంటారోనని, ఇంట్లో వంటింటి కాటాని గుడ్డలో చుట్టి వెంట తెచ్చుకుంది. దుకాణంలో అప్పటికే పచారీ కొట్టాయన తన కాటాతో కూర్చుని, కదిలే ఉద్దేశం లేకుండా ఉన్నాడు.

సున్నాగారు ఆమె కాటా విప్పి చూశాడు. దానికి ఏ రోగమూ లేదు. అప్పుడు అర్థమైంది.

"ఇది ఎక్కువ చూపిస్తోందండీ" అంది ఆమె, పచారీ ఆయన వంక చూడకుండా.

"లేదమ్మా, బానే ఉందే."

"ఇది కాదు. ఇంకోచోట తూచారట, మీ బావమరిది అన్నాడు. అది."

సున్నాగారు జేబులోంచి మెరిసే కాగితం తీసి ఆమెకిచ్చాడు. పచారీ ఆయన, అదేంటి గ్యారంటీ కార్డా అని మెడ చాచాడు. అవునన్నాడు సున్నాగారు.

లెక్కలక్క చదివింది. "ఎన్నింటికి తూచారు?"

"సాయంత్రం ఆరింటికి."

"ఎలా వెళ్ళారు?"

"మెట్లెక్కి. నాలుగంతస్తులు."

"ఎక్కగానేనా?"

"ఊఁ."

"పొద్దున ఒక లెక్క, సాయంత్రం ఒక లెక్క ఉంటుంది. పరిగెత్తుకొచ్చాక తూచితే కాసేపు ఎక్కువ ఉంటుంది. మిషను మారితే ఇంకొంత మారుతుంది. మీకు నేను చెప్పాలా?"

సరుకు మెట్లెక్కటం ఏమిటని పచారీ ఆయన అడిగాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆమె వేలిగోరు కాగితం మీద కిందికి జారి, సన్న అక్షరాల వరస దగ్గర ఆగింది, గొంతు తగ్గింది. "పై అంకె అటూ ఇటూ ఊగుతుందండీ. ఇది అంత త్వరగా ఊగదు. తెల్లకణాల్లో ఈ రకం మొత్తం మీద నూటికి ఎన్ని కాపలావో చెప్పేది ఇది. ఇక్కడ పద్నాలుగు. మా దాంట్లోనూ పద్నాలుగే ఉంది. ఇంటికెళ్ళి చూసుకోండి."

"ఏమిటి పద్నాలుగు?" అన్నాడు పచారీ ఆయన.

"గ్రాముల తేడా" అన్నాడు సున్నాగారు.

ఆమె తన కాటా గుడ్డలో చుట్టుకుని లేచింది. మంగళవారం రండి అంది. "సీజను అవనివ్వమ్మా, మొదటి పని అదే" అన్నాడు ఆయన. ఆమె గుమ్మంలో ఆగి ఏదో అనబోయి, పచారీ ఆయన్ని చూసి, బాగుచేసినందుకు ఎంత అని అడిగింది. ఏమీ వద్దన్నాడు.

పచారీ ఆయన వెళ్ళాక సున్నాగారు దుకాణం తలుపు ఒక రెక్క మూసి, ముఖమల్ కింద కాగితం తీశాడు. రెండిటినీ పక్కపక్కన పెట్టాడు. రెండు వందల పన్నెండు కింద పద్నాలుగు శాతం. మూడు వందల నలభై కింద పద్నాలుగు శాతం. ఇంకొకళ్ళు వివరించక్కర్లేదు ఆయనకి. స్ప్రింగు కాటా బరువుని లాగుడుతో కొలుస్తుంది, లాగుడు ఇవాళ ఒకలా రేపు ఒకలా ఉంటుంది. రెండు పళ్ళేల తక్కెడ దీన్ని దానితో పోల్చి చెబుతుంది, అది అంత తేలిగ్గా మాట మార్చదు. పద్నాలుగు తక్కెడ చెప్పిన మాట. మూడు వందల నలభై, రొప్పుతున్న స్ప్రింగు చెప్పిన మాట.

ఇంకొకరి సరుకైతే అక్కడికక్కడే ముద్ర కొట్టేసి చూపించేవాడు. ఇది తన సరుకు. రెండు వందల పన్నెండుని మళ్ళీ ముఖమల్ కింద పెట్టి, మెరిసే కాగితాన్ని మళ్ళీ జేబులో పెట్టి, తలుపు తీసి, కూరగాయల వాళ్ళ కాటాలు ముందేసుకున్నాడు. సీజను అయ్యాక అన్న మాటని ఎవరికో కాదు, తనకే ఇచ్చుకున్నాడు. అప్పు ఇచ్చేవాడూ తీసుకునేవాడూ ఒకడే అయితే అడిగేదెవరు?

సీజను ఆ ఏడు ఎప్పటికన్నా పొడుగైంది. అధికారి మారి, కొత్తాయన ప్రతి కాటా రెండు సార్లు చూస్తానన్నాడు. నాలుగో నెలలో సున్నాగారికి దగ్గు పట్టుకుంది. కాటా ముల్లు నిలకడగా నిలబడేదాకా ఊపిరి బిగపట్టి చూడటం ఆయన అలవాటు. ఇప్పుడు ఊపిరి బిగపడితే దగ్గు వచ్చేది. దగ్గితే పళ్ళెం ఊగేది. బంగారం పనివాడు ఒకడు నవ్వుతూ, సున్నాగారూ మీరు దగ్గితే నాకు అరగ్రాము లాభం అన్నాడు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు, నవ్వితే మళ్ళీ దగ్గొచ్చింది. బెల్టుకి కొత్త కన్నం, దాని పక్కన ఇంకో కన్నం వేశాడు. కొలతల మనిషి కదా, కన్నాల మధ్య దూరం సమానంగా వేశాడు. భార్య డాక్టరు దగ్గరికి పోదామంటే జేబు మీద చెయ్యి వేసి చూపించేవాడు. మూడు వందల నలభై ఉన్న మనిషికి దగ్గు దుమ్ము వల్ల వస్తుందని ఆవిడా నమ్మింది. ఆ చొక్కాని ఆవిడ ఎన్ని సార్లు ఉతికిందో. మర్చిపోయి కాగితంతో సహా నాలుగైదు సార్లు ఉతికింది. లామినేషన్ కదా, అంకె చెక్కుచెదరలేదు.

ఎనిమిదో నెలలో, ఆఖరి ముద్ర పడిన మర్నాడు, ఇచ్చిన మాట ప్రకారం వెళ్ళాడు. అప్పటికి రిక్షా కావాల్సి వచ్చింది.

లెక్కలక్క పొద్దున్నే తీసింది రక్తం. అరగంట కూర్చోబెట్టి తీసింది. యాభై ఎనిమిది వచ్చింది. నూటికి అయిదు. ఒకప్పుడు అదే వరండాలో ఆయన బరువు చూపించిన అంకె, ఇప్పుడు కణాల లెక్క. ఛాతీ ఫోటో తీస్తే రెండు పక్కలా క్షయ. డాక్టరమ్మ ఎక్కడా గొంతు పెంచలేదు. ముందు క్షయ మందులు, రెండు వారాలకి ఈ జబ్బు మందులు, రెండూ కలిస్తే ఒళ్ళు తట్టుకోవటం కష్టం, అయినా ఇవ్వాలి అంది. బతుకుతారా అని భార్య అడిగింది. చాలామంది రెండు వందల దగ్గర మొదలుపెట్టి నిలబడ్డారు, యాభైల్లో మొదలుపెట్టినవాళ్ళలో కొందరు నిలబడ్డారు, అందరూ కాదు అంది డాక్టరమ్మ. మధ్యలో పోయిన ఎనిమిది నెలలని ఏ మందూ వెనక్కి తేలేదని ఆమె అనలేదు. పుస్తకంలో తేదీలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, ఎవరైనా చదువుకోవచ్చు.

పద్నాలుగు సంగతి భార్యకి ఆ రోజే లెక్కలక్క ద్వారా తెలిసింది. మూడు వందల నలభై కింద పద్నాలుగు ఉందనీ, అది ఆయనకి మొదటి నెలలోనే తెలుసనీ. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. ఆయనకి రావాల్సిన మందులు, నీళ్ళు, తుండుగుడ్డ వేళకి వస్తూనే ఉన్నాయి, మాట మాత్రం రాలేదు. మూడో రోజు చొక్కా జేబులోంచి లామినేషన్ కాగితం తీసి, చింపటానికి చూసింది. చిరగలేదు. కత్తెరతో కోసింది. ఆయన మంచం మీద నుంచి చూస్తూ, వంకర పోతోంది, స్కేలు పెట్టుకోమన్నాడు. ఆవిడ అప్పుడు ఏడ్చింది.

బావమరిది రోజూ వచ్చేవాడు. జోకులు వేయటం మానేశాడు. స్టూలు లాక్కుని మంచం పక్కన, లిఫ్టు ముందు కూర్చున్నట్టే కూర్చునేవాడు. ఒకరోజు ఎటో చూస్తూ, "ఆ రోజు లిఫ్టు పనిచేసుంటే నీకు ఆ మూడు వందల నలభై వచ్చేది కాదు కదా బావా" అన్నాడు.

"నువ్వు లిఫ్టు నడుపుతావు, లెక్క నేను చూసుకున్నాను" అన్నాడు సున్నాగారు. అతను గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

మందులు మొదలయ్యాయి. మొదటి నెల గడిచింది. మూడో నెలకి మళ్ళీ లెక్క తీశారు. అరవై ఆరు. పెరిగినట్టే లెక్క అని బావమరిది అన్నాడు. సున్నాగారు పెదవి విరిచాడు. ఎనిమిది కణాలంటే మిషను ఊగే ఊగుడు అంతకన్నా ఎక్కువ, కింద అంకె చూడమన్నాడు. కింద అంకె అయిదు దగ్గరే కూర్చుని ఉంది. ఈసారి ఆయన దాన్నే ముందు చూశాడు. దుకాణం తాళం బావమరిదికి ఇచ్చి, ఇత్తడి రాళ్ళ పెట్టెని అధికారికి అప్పజెప్పమని, పచారీ ఆయన కాటా ఎడమ పళ్ళెం కింద సరితూకానికి పెట్టిన మైనం ఊడిపోయింది, చెప్పమని పురమాయించాడు.

ఆ మంగళవారం వరండాలో ఎప్పటిలాగే జనం. పాలు పోసే ఆవిడ ముందు వరసలో ఉంది. ఆ మొదటి రోజు పోగొట్టుకున్న మూడు కిలోలూ తిరిగి సంపాదించి పైన ఇంకో రెండు తెచ్చుకుంది. ఆవిడ లెక్క కూడా నాలుగు వందలు దాటింది. సున్నాగారిని చూసి గుర్తుపట్టటానికి కొంతసేపు పట్టింది. గుర్తుపట్టాక కోప్పడలేదు. లేచి తన కుర్చీ ఆయనకిచ్చింది. ఇచ్చి, అటు తిరిగి చీర కొంగు సర్దుకుంది.

ఆయన వంతు వచ్చింది. ఒక పక్క భార్య, ఒక పక్క బావమరిది పట్టుకుని మిషను దాకా నడిపించారు. ఎక్కబోతూ ఆగాడు. ఏమైందోనని నర్సమ్మ లేచింది. ఏమీ కాలేదు, ఆయన ముల్లు చూస్తున్నాడు. సున్నా మీద నిలబడి ఉంది, వెంట్రుక కూడా అటూ ఇటూ లేకుండా. తల ఊపి, అప్పుడు ఎక్కాడు. పట్టుకున్నవాళ్ళని చేతులు తీసేయమన్నాడు, పట్టుకుంటే బరువు తప్పుతుందని. తీసేశారు. ఆయన ఒక్కడే నిలబడ్డాడు, కొద్దిగా ఊగుతూ. ముల్లు కూడా ఆయనతో పాటు ఊగి, ఊగి, ముప్ఫై తొమ్మిది మీద ఆగింది.

భార్య వంగి చూసింది. మళ్ళీ చూసింది. పోయినవారం నలభై ఒకటి. ఆవిడ ఓర్పు మొత్తం, గుండీలు కుట్టినప్పటి నుంచీ దాచుకున్నదంతా, ఆ ఇనుప మిషను మీద విరుచుకుపడింది.

"మాయదారి మిషను, వచ్చినప్పుడల్లా తక్కువే చూపిస్తుంది. ఆ రోజు మీరు దీన్ని ముట్టుకోకుండా ఉంటే ఇవాళ నలభై రెండు ఉండేది కదండీ!"

ఆయన ముల్లు మీద నుంచి చూపు తిప్పలేదు.

"తక్కువ కాదే, ఉన్నంతే చూపిస్తోంది."